తెలుగు పేజీ మూసే ముందు

ఉగాది అయిన వారానికే జరిగిన మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశంలో, పులిహోర పొట్లాలు చేతులు మారుతుండగా ఒక ప్రతిపాదన వచ్చింది. మన సంచిక తెలుగు పేజీలు ఆన్‌లైన్‌లో ఎవరూ చదవడం లేదు కాబట్టి వచ్చే ఏడాది నుంచి ఇంగ్లిషు ఒక్కటే ఉంచుదామని. ఒక్కరూ లేచి కాదనలేదు. గుచ్చుకున్నది అదే. అలాగని ఆ మాటలో అబద్ధమూ లేదు. తెరిచినవాళ్లు రెండో పేరా దాకా రావడం లేదు. వాళ్లకు విసుగు పుట్టించింది తెలుగా, మనం రాసే తెలుగా?

మన ఉగాది నివేదికలోని వాక్యం ఇది: "సంఘం ఆధ్వర్యంలో ఉగాది పర్వదినాన్ని పురస్కరించుకొని నిర్వహించబడిన కవి సమ్మేళన కార్యక్రమంలో పాల్గొన్న చిన్నారులచే పద్య పఠనం గావించబడినది." పిల్లలెందరో తెలియదు, ఏం చదివారో తెలియదు. తెలుగులో క్రియ చివర వస్తుంది. దాని ముందు "పురస్కరించుకొని", "నిర్వహించబడిన" లాంటివి తగిలించేకొద్దీ, చదివేవాళ్లు ఆ మూటలన్నీ మోసుకుంటూ చివరిదాకా నడవాలి. ఫోనులో ఆ చివర ఏ ఆరో వరసలోనో ఉంటుంది. తెర మీదికి రాసేటప్పుడు వాక్యానికి పన్నెండు, పదిహేను మాటలు చాలు. అసమాపక క్రియలు ("చేసి", "వచ్చి" లాంటి, వాక్యం ముగించనివి) రెండు దాటనివ్వకండి. "బడు" కనిపించిన చోటల్లా ఎవరు చేశారని అడగండి. అప్పుడు అదే వార్త ఇలా వస్తుంది: "కవి సమ్మేళనంలో పన్నెండుమంది పిల్లలు పద్యాలు చదివారు. ఏడేళ్ల పాప మూడో పాదం మర్చిపోతే ముందు వరసలోంచి ఒక తాతగారు అందించారు." మాటల లెక్కలో రెండూ ఇంచుమించు ఒకటే. ఏటా ఆగస్టు 29న, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి, ఆ వార్తను "పుష్పమాలాలంకరణ గావించబడినది" అని రాసుకునేదీ మనమే.

"సభకు నమస్కారం"తో మొదలుపెట్టడాన్ని, వంట చేసినవాళ్ల నుంచి మైకు సర్దిన కుర్రాడి దాకా అందరినీ "గారు" అని తలచుకోవడాన్ని వెక్కిరించాలని కాదు. జీతం లేకుండా పాటుపడేవాళ్లకు దక్కేది ఆ ఒక్క గారే. ఆ పేర్లు ఉండాలి, కాకపోతే చివర ఉండాలి. మొదటి రెండు వాక్యాల్లో విషయం రావాలి.

అక్షరాల సంగతి ఇంకో గొడవ. అచ్చు సంచిక (సావనీరు) పేజీలు అను ఫాంట్లలో కడుతున్నాం. అచ్చుకు బాగుంటాయి. కానీ ఆ ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లిషు కోడ్ల మీద గీసిన తెలుగు బొమ్మలు. వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చిగీతలవుతాయి. అందుకని పేజీని ఫోటో తీసి పెడుతున్నాం. అక్షరం పెద్దది చేస్తే వాక్యం తెర దాటిపోతుంది, అందులో మాట వెతకబోతే దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే దొరికింది. యూనికోడ్ అంటే ఏ ఫోనైనా, కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల కోడ్. మొదట యూనికోడ్‌లో టైపు చేసి, అచ్చు కోసం తర్వాత అనులోకి మార్చుకోండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చాల్సి వస్తే ఒత్తులూ వట్రసుడులూ జారిపోతాయి, కూర్చుని ఒక్కొక్కటే సరిచూడాలి.

ఫోనులో ఇంగ్లిషు అక్షరాలతో కొట్టేవాళ్లకు కల్లూ కళ్లూ ఒకటే. ఫోను ముందు చూపించిన మాటను నొక్కేస్తే భక్తులు "కల్లు మూసుకుని" దండం పెడతారు. "శ్రద్ధగా విన్నారు" కాస్తా "శ్రాద్ధగా విన్నారు" అయిందంటే ఇక ఆ వ్యాసంలో మిగతాది ఎవరికీ గుర్తుండదు. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేసే వెబ్ పేజీ లేఖినిలో ఈ తేడా మన చేతిలోనే ఉంటుంది. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. "సాఫ్ట్వేర్" అని ఒత్తుల గుట్ట పడకుండా "సాఫ్ట్‌వేర్" అని విడిగా రావాలంటే ట్ తర్వాత టోపీ గుర్తు (^) కొట్టాలి. పేజీ చూసుకునేవాళ్లు అక్షరం 18 పిక్సెళ్లకు తగ్గించకండి. వరసల మధ్య ఎడం అక్షరానికి 1.6 రెట్లయినా ఉంచండి. ఇంగ్లిషుకు సరిపోయే ఎడంలో మన ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

రాసింది ఒక రాత్రి ఆపి, మర్నాడు ఫోనులోనే పైకి చదవండి. గుక్క తిప్పుకోవాల్సి వచ్చిన చోట వాక్యం విరవండి. ఆ తర్వాత కార్యక్రమానికి రానివాళ్లకు ఒకరికి చూపించండి. ఎక్కడ ఆపేశారో అడిగితే చాలు, బాగుందా అని అడక్కండి. అడిగితే బాగుందనే అంటారు.

తెలుగు చదవలేని పిల్లలకు, అల్లుళ్లకు, కోడళ్లకు ఇంగ్లిషు కావాలి, నిజమే. ప్రతి వ్యాసం కింద ఐదు వరసల ఇంగ్లిషు సారం పెడదాం. మూసివేత మాత్రం దసరా సంచిక దాకా ఆపమని కార్యవర్గాన్ని వేడుకుంటున్నాం. వ్యాసాలు ఐదు వందల మాటల్లో, యూనికోడ్‌లో, పండక్కి మూడు వారాల ముందు పంపండి. దిద్దడానికి ఇద్దరం సిద్ధంగా ఉన్నాం. అను ఫైళ్లు మాత్రం వద్దు.