యుద్ధమన్నాక తప్పదనే మాట తప్పు

"యుద్ధమన్నాక ఆడవాళ్లపై అత్యాచారాలు మామూలే. దానికీ, ఇంట్లో మొగుడు కొట్టడానికీ సంబంధం లేదు. నలుగురు ఆడవాళ్లు ప్లకార్డులు పట్టుకుని నిలబడితే ఆగేవి కావు." ఈ మెసేజ్ కొంతకాలంగా చాలామంది ఫార్వర్డ్ చేస్తున్నారు. ఇందులో మూడు మాటలున్నాయి, మూడూ తప్పే.

తప్పనిదే అయితే ప్రతి సైన్యమూ ఒకేలా చేయాలి కదా? అలా జరగలేదు. శ్రీలంకలో ఎల్‌టీటీఈ పిల్లల చేతికి కూడా తుపాకులిచ్చింది, ఆత్మాహుతి దాడులు చేయించింది. కానీ అత్యాచారాన్ని తన వాళ్లకు నిషేధించింది, వాళ్ల వైపు నుంచి ఆ నేరం అరుదు. 1992లో బోస్నియా యుద్ధంలో ఫోచా అనే పట్టణంలో మాత్రం సెర్బు సైనికులు ఆడవాళ్లను స్కూల్లో, స్పోర్ట్స్ హాలులో, ఇళ్లలో బంధించి నెలల తరబడి చెరిచారు. పైవాళ్లు ఏమీ అనరన్న ధైర్యం ఉన్నచోటే ఇది జరుగుతుంది. ఆ కేసులో 2001లో హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధ నేరాల కోర్టు (ట్రైబ్యునల్) ముగ్గురికి 28, 20, 12 ఏళ్ల జైలు వేసింది.

ఇంటికీ యుద్ధానికీ సంబంధం లేదా? 1990లో, అప్పటి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో కొందరు మహిళలు హింసకు గురైన ఆడవాళ్ల కోసం ఒక ఫోన్ లైన్ పెట్టారు. ఆ దేశం ముక్కలవుతూ యుద్ధం మొదలయ్యాక వాళ్లకు ఒక విషయం అర్థమైంది. టీవీలో యుద్ధ వార్తలు అయిపోగానే ఫోన్లు వచ్చేవి. ఆ వార్తలు చూసి లేచిన మొగుడు పెళ్లాం మీద పడేవాడు. అంతకుముందు ఎన్నడూ చెయ్యెత్తనివాళ్లు కూడా అలా కొట్టారు. ఇక యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్ల దగ్గర తుపాకులు కూడా ఉండేవి. అందుకే ఫోన్ దగ్గర కూర్చునే ఆ మహిళల్లో కొందరు, 1991 అక్టోబరు నుంచి నల్లబట్టలు కట్టుకుని నడివీధిలో యుద్ధానికి వ్యతిరేకంగా మౌనంగా నిలబడ్డారు. వాళ్లకు రెండూ ఒకటే పని. యుద్ధం లేని చోట్లనూ కలిపి చూస్తే, ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం 2023లో సుమారు 51,100 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు భాగస్వామి చేతిలోనో కుటుంబ సభ్యుల చేతిలోనో చనిపోయారు. రోజుకు 140 మంది.

నిలబడితే ఏమొస్తుందన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. 1994 నాటి రువాండా మారణహోమంపై అంతర్జాతీయ ట్రైబ్యునల్ చేసిన విచారణలో అకయేసు అనే మేయర్ మీద మొదట అత్యాచారం ఆరోపణే లేదు. 1997లో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక స్త్రీ, తన ఆరేళ్ల కూతురికి ఏం జరిగిందో బోనులో నిలబడి చెప్పింది. ఆ ట్రైబ్యునల్‌లో ఉన్న ఒకే ఒక్క మహిళా జడ్జి నవీ పిళ్లై ఆ విషయాన్ని వదలకుండా అడిగారు. ఈ ఆరోపణలు చేర్చాలని మహిళా సంఘాలు కోర్టుకు రాసి ఇచ్చాయి. అదే ఏడాది జూన్‌లో చేర్చారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, అత్యాచారం కూడా జాతి హననంలో భాగం కాగలదని మొదటిసారి చెప్పింది.

అన్నిచోట్లా గెలిచారని అనను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సైన్యం తనను లైంగిక బానిసగా వాడుకుందని కొరియా మహిళ కిమ్ హక్‌సున్ 1991 ఆగస్టు 14న సియోల్‌లో బయటపెట్టింది. మరుసటి జనవరి నుంచి ప్రతి బుధవారం జపాన్ ఎంబసీ ముందు ఆడవాళ్లు నిలబడుతూ వచ్చారు. కోరిన న్యాయం అందకుండానే ఆమె 1997లో చనిపోయింది. 2011లో వెయ్యో బుధవారం నాడు అక్కడ ఒక కంచు బాలిక విగ్రహం పెట్టారు. చెప్పుల్లేని పాదాలు, మడమలు నేలకు ఆనవు, ఒళ్లో బిగించిన పిడికిళ్లు. పక్కన ఖాళీ కుర్చీ ఉంటుంది. చలికాలంలో ఎవరో ఒకరు వచ్చి ఆ పిల్ల మెడకు మఫ్లర్ చుట్టి వెళతారు.