ఓటు లేని ఇంట్లో సివిక్స్ పాఠం

న్యూజెర్సీలో మిడిల్ స్కూల్ పిల్లలందరికీ సివిక్స్ చెప్పి తీరాలని 2021లో చట్టం చేశారు. 79 ఏళ్ల పాటు పోలింగ్ కేంద్రాల్లో పనిచేసిన లారా వూటెన్ పేరు దానికి పెట్టారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా డబ్బు వ్యవహారాలు నేర్పాలన్న చట్టం 2019లోనే వచ్చింది. కాబట్టి ఎడిసన్‌లో చదివే మన తెలుగు పిల్లలు బడిలో ఈ రెండూ వింటున్నారు. ఇంటికొచ్చాక ఏం వింటున్నారన్నదే నా పేచీ.

"మనకి ఓటే లేదు, ఈ గొడవలన్నీ నీకెందుకు? మ్యాథ్ చూసుకో." ఇంకా పౌరసత్వం రాని చాలా ఇళ్లలో సివిక్స్ ఇక్కడితో సరి.

ఓటు లేకపోయినా ప్రాపర్టీ ట్యాక్స్ మాత్రం మూడు నెలలకోసారి కడుతూనే ఉన్నాం కదా. ఆ బిల్లు పిల్లల ముందు పెట్టండి. టౌన్‌కెంత, కౌంటీకెంత, స్కూళ్లకెంత అని విడివిడిగా ఉంటుంది. చాలా ఊళ్లలో అన్నిటికంటే పెద్ద వాటా స్కూళ్లదే. స్కూళ్ల కోసం వసూలు చేసే ఆ పన్నును, కొన్ని మినహాయింపులు తప్ప, ఏడాదికి 2 శాతం మించి పెంచకూడదని రాష్ట్రం పరిమితి పెట్టింది. మరి టీచర్ల హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చు అంతకంటే వేగంగా పెరిగితే? బస్సు రూటు తీసేయాలా, బ్యాండ్ క్లాసు ఆపాలా, క్లాసులో పిల్లల సంఖ్య పెంచాలా? పన్నెండేళ్ల పిల్లకి ఎకనామిక్స్ చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క నాకు కనిపించలేదు. ఇందులో ఏ జవాబు చెప్పినా ఎవరో ఒకరికి కోపం వస్తుంది. అది కూడా పాఠమే.

ఈ బడ్జెట్ తేల్చేది స్కూల్ బోర్డు. దాని సమావేశాల్లో జనం మాట్లాడటానికి సమయం ఇవ్వాలని రాష్ట్ర చట్టమే చెబుతోంది. మైకు దగ్గర పేరు, ఊరు అడుగుతారు గానీ వీసా ఏమిటని అడగరు. హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద ఉన్న తండ్రి కూడా లేచి మాట్లాడొచ్చు. ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకెళ్లాలో చెప్పే స్కూల్ బౌండరీ మారుస్తారంటే మనవాళ్లు హాలు నింపేస్తారు, బడ్జెట్ రోజున వెతికినా కనబడరు.

పౌరసత్వం సంగతైతే మరీ దగ్గరిది. అక్క హైదరాబాద్‌లో పుట్టింది, హెచ్‌-4 (హెచ్‌-1బి వాళ్ల పిల్లలకిచ్చే వీసా). తమ్ముడు ఇక్కడ పుట్టాడు, సిటిజన్. అమ్మానాన్నలు గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నారు. అక్కకి 21 నిండి ఆ వీసాకి అర్హత పోతే ఏమవుతుందన్న టెన్షన్ పిల్లలకి తెలియదనుకుంటాం. తలుపు చాటున అన్నీ వింటూనే ఉంటారు. ఆ గుసగుసల కంటే అసలు చరిత్ర చెప్పడం మేలు. చైనా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఇక్కడ పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ పౌరుడేనని సుప్రీంకోర్టు 1898లో తీర్పిచ్చింది. అదే కోర్టు 1923లో భగత్ సింగ్ థిండ్‌కి, భారతీయుడివి, తెల్లవాడివి కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హత లేదంది. 1946లో చట్టం మారాకే మనవాళ్లకి ఆ దారి తెరుచుకుంది. ఇక్కడ పుట్టినవాళ్లు పౌరులేనన్న రాజ్యాంగ పద్నాలుగో సవరణను పరీక్ష కోసం బట్టీపట్టే పిల్లకి, అది తమ్ముడి పాస్‌పోర్టు కథేనని ఎవరు చెప్పాలి?

మన తెలుగు సంఘం కూడా ఒక పని చేయొచ్చు. సంక్రాంతి వేడుక జమాఖర్చులు మిడిల్ స్కూల్ పిల్లల చేతికిచ్చి, హాలు అద్దె, భోజనాలు, స్పాన్సర్ల డబ్బు చూపించి, కొంత మొత్తం ఎలా ఖర్చుపెట్టాలో వాళ్లనే ఓటేసి తేల్చుకోమనాలి. (మన సంఘాల ఎన్నికలు చూపించి ప్రజాస్వామ్యం నేర్పుదామంటే మాత్రం నాకు కొంచెం భయమే.)

స్కూల్ బడ్జెట్ మీద బహిరంగ విచారణ సాధారణంగా ఏప్రిల్ చివర్లో ఉంటుంది. తేదీ మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ఆ సాయంత్రం కోచింగ్ క్లాసు ఉంటే మానిపించి పిల్లల్ని తీసుకెళ్లండి.