శిక్ష పడనివాళ్లకే ఎక్కువ శిక్ష

అమెరికాలో ఫలానా ఖైదీని కౌంటీ జైలు నుంచి స్టేట్ ప్రిజన్‌కు మార్చారని వార్త వస్తే, తెలుగులో రెండింటినీ ‘జైలు’ అనే రాసేస్తాం. నిజానికి అవి వేరు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీ జైలు సాధారణంగా అక్కడి పోలీసు పెద్ద అయిన షెరీఫ్ చేతిలో ఉంటుంది. విచారణ తేలనివాళ్లు, బెయిల్ డబ్బు కట్టలేనివాళ్లు, చిన్న శిక్షలు పడ్డవాళ్లు అందులో ఉంటారు. స్టేట్ ప్రిజన్ రాష్ట్ర ప్రభుత్వానిది. నేరం రుజువై పెద్ద శిక్ష పడితే అక్కడికి పంపుతారు. కాబట్టి రెండోదే నరకమని అందరూ అనుకుంటారు. చాలా విషయాల్లో మొదటిదే నరకమని నేనంటాను.

కాలిఫోర్నియానే చూడండి. శిక్ష పడ్డ మనిషి ముందు వాస్కో లాంటి రిసెప్షన్ సెంటర్‌కు వెళతాడు. అక్కడ ఆరోగ్యం, నేర చరిత్ర పరిశీలించి, పాయింట్లు లెక్కగట్టి, నాలుగు భద్రతా స్థాయిల్లో అతనిది ఏదో తేలుస్తారు. కొత్త నంబర్ ఇస్తారు. ఆ వారాలు గడవడం కష్టమే. ఆ తర్వాత మాత్రం ఆరుబయట తిరిగే యార్డు, చేయడానికి పని, చదువుకోవడానికి క్లాసులు, సత్ప్రవర్తనకు శిక్షలో తగ్గింపు ఉంటాయి. 2023 జనవరి 1 నుంచి అక్కడి స్టేట్ ప్రిజన్లలో ఫోన్ కాల్స్ ఉచితం. ఆ చట్టం కౌంటీ జైళ్లకు వర్తించదు. అంటే నేరం రుజువైన కొడుకు తల్లితో ఉచితంగా మాట్లాడతాడు. రుజువు కాని కొడుకుతో మాట్లాడాలంటే చాలా కౌంటీల్లో ఆ తల్లి డబ్బు కట్టాలి. ఇదేం న్యాయం?

స్టేట్ ప్రిజన్లలో గ్యాంగుల గొడవలు, హింస, ఇంటికి వందల మైళ్ల దూరం ఉంటాయని కొందరంటారు. నిజమే, కాదనను.

కానీ కౌంటీ జైలులో ఎప్పుడు బయటపడతామో తెలియదు. ఆ టెన్షనే మనుషుల చేత నేరం ఒప్పిస్తుంది. అమెరికా రాష్ట్రాల కోర్టుల్లో పడే శిక్షల్లో సుమారు 94 శాతం నేరం ఒప్పుకోవడం వల్లే పడుతున్నాయని 2012లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. న్యూయార్క్‌లో కలీఫ్ బ్రౌడర్ ఒప్పుకోలేదు. 2010లో బ్యాక్‌ప్యాక్ దొంగిలించాడని పట్టుకునేనాటికి అతనికి 16 ఏళ్లు. మొదట అడిగిన బెయిల్ 3,000 డాలర్లు. ఆ ఇంట్లో అంత డబ్బు లేదు. న్యూయార్క్ నగర జైలు రైకర్స్ ఐలాండ్‌లో మూడేళ్లు ఉన్నాడు, అందులో ఎక్కువ కాలం ఒంటరి గదిలోనే. చివరికి కేసు కొట్టేశారు. 2015లో అతను ఆత్మహత్య చేసుకున్నాడు.

మన దగ్గరా పేదవాడి గతి ఇదే. దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. శిక్ష పడ్డవాడికి పని, కూలి, పెరోల్, శిక్ష తగ్గింపు ఉంటాయి. సబ్‌జైలులో కూర్చున్న రిమాండ్ ఖైదీకి ఉండేది వచ్చే వాయిదా తేదీ ఒక్కటే. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ఒక దారి చూపింది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకుండా, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే అతన్ని బెయిల్‌పై వదలాలి. దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఏ సబ్‌జైలు నుంచి ఎన్ని దరఖాస్తులు కదిలాయో జిల్లా జడ్జీలు నెలనెలా లెక్క అడగాలి, ఆ లెక్కను జైలు గేటు దగ్గరే బోర్డు మీద రాయించాలి.