మ్యాపులో మా గెడ్డలు కూడా ఉండాలి
ఆన్‌లైన్ రిస్క్ మ్యాపులు చూస్తే తుపాను వల్ల ఏ ఊరికి ఎంత ముప్పో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చని ఒక వ్యాసంలో రాశారు. సముద్రం ఒడ్డు ఊళ్లకు అది చాలావరకు నిజమే. 2013లో ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేలోపే లక్షల మందిని ఖాళీ చేయించారు కాబట్టే ప్రాణనష్టం అంత తగ్గింది. ఒడిశా గజపతి జిల్లాలోని మా పర్లాకిమిడి కొండల వైపు సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు అందరి భయమూ గాలి గురించే. మా జిల్లాలోని బరఘర ఊళ్లో మాత్రం వానకు తలదాచుకున్న చోటే కొండచరియ విరిగిపడి జనం పోయారు. ఏ గెడ్డ, అంటే కొండవాగు, ఎక్కడ పొంగుతుందో, ఏ కల్వర్టు మీద నీళ్లెక్కితే దారి తెగుతుందో ఊళ్లో పెద్దవాళ్లకు తెలుసు, మ్యాపుకు తెలియదు. జనమే కలిసి తయారుచేసే ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇవన్నీ ఎవరైనా ఉచితంగా చేర్చవచ్చు. కాలేజీ పిల్లలు సెలవుల్లో ఆ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని తిరిగి గెడ్డలూ, కాలిబాటలూ, పక్కా స్కూలు బిల్డింగులూ అందులో ఎక్కించాలి. హెచ్చరికలు కూడా ఒడియాతో పాటు తెలుగులో, సవర భాషలో రావాలి. కరెంటు పోయి సిగ్నల్ లేకపోతే ఫోను చేతిలో ఉన్నా పనికిరాదు, కాబట్టి ఈ పనంతా అక్టోబరు రాకముందే అయిపోవాలి.