మంద అమ్ముకున్నాక వచ్చే సాయం

2013 అక్టోబర్ మొదట్లో అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం పశ్చిమ ప్రాంతంలో ముందు వాన, వెంటనే మంచు తుఫాను విరుచుకుపడ్డాయి. పశువులు ఇంకా వేసవి బీళ్ళలోనే ఉన్నాయి, చలికాలపు బొచ్చు రాలేదు. తడిసిన ఒళ్ళతో ఆ గాలికి తట్టుకోలేక వేలకు వేలు చచ్చిపోయాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్‌లో ఉంది, అంటే నిధులకు ఆమోదం లేక చాలా ఆఫీసులు మూతపడ్డాయి. పశునష్టానికి పరిహారం ఇచ్చే పథకం 2011లోనే గడువు తీరిపోయింది, వ్యవసాయ పథకాలకు ఆధారమైన కొత్త ఫార్మ్ బిల్లేమో కాంగ్రెస్‌లో, అంటే అక్కడి పార్లమెంటులో, నానుతోంది. 2014 ఫిబ్రవరిలో చట్టం వచ్చాక పాత నష్టాలకూ డబ్బు ఇచ్చారు, పథకాన్ని శాశ్వతం చేశారు. మరి ఆ చలికాలమంతా ఆ కుటుంబాలు ఏ ధైర్యంతో గడిపి ఉంటాయి?

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో చాలామంది బీఫ్ తినరు. అందుకే ర్యాంచర్లకు, అంటే మందలు పెంచేవాళ్ళకు, ప్రభుత్వం డబ్బిస్తోందన్న వార్త చూడగానే ‘మన పన్నులు వాళ్ళకెందుకు’ అనుకుంటాం. ఎంత ఇస్తున్నారో, ఎలా ఇస్తున్నారో చూస్తే ఆ మాట అనలేం. విపత్తులో చచ్చిన పశువుకు మార్కెట్ ధరలో 75 శాతమే ఇస్తారు. కరవులో బీడు ఎండిపోతే నెల మేత ఖర్చులో 60 శాతం లెక్కన కొన్ని నెలలకు ఇస్తారు. కౌంటీలో (మన జిల్లా లాంటిది) కరవు ఎంత తీవ్రంగా ఉందో వారం వారం వచ్చే డ్రౌట్ మానిటర్ మ్యాప్ చెబుతుంది, దాన్నిబట్టే నెలల లెక్క. మిగతా నష్టం ర్యాంచరే మోయాలి. పెద్ద మందకు పెద్ద మొత్తం పోతుందన్న విమర్శలో నిజముంది. మేత సాయానికి మనిషికి ఇంతేనని పరిమితి పెట్టింది అందుకే, అది ఉండాల్సిందే.

నా అభ్యంతరమల్లా ఆలస్యం మీదే. ఈ శాశ్వత పథకాలు చాలనప్పుడు కాంగ్రెస్ ప్రత్యేకంగా ఇంకో చట్టం చేస్తుంది. 2021 కరవుకు అలా ఇచ్చిన అదనపు సాయం 2022లో చేతికందింది. 2023, 2024 నష్టాలకు చట్టం 2024 డిసెంబర్‌లో వచ్చింది, డబ్బు 2025లో. పశువు అన్నాళ్ళు మేత లేకుండా ఆగదు కదా. గడ్డి కొనలేని మనిషి ముందు దూడల్ని తోలేస్తాడు, ఆ తర్వాత చూడి ఆవుల్ని కూడా అమ్మేస్తాడు. ఒకసారి ఆవు పోయిందంటే మళ్ళీ పెయ్యను పెంచి, అది ఈని, దాని దూడ అమ్మకానికి వచ్చేసరికి రెండేళ్ళు దాటుతుంది. 2025 జనవరి 1 నాటికి దేశంలో పశువులు 8.67 కోట్లు. 1951 తర్వాత అప్పటిదాకా ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. వరస కరవులు దీనికి ఒక ముఖ్య కారణం. అమ్మేసిన మందను ఆలస్యంగా వచ్చిన చెక్కు వెనక్కి తీసుకురాలేదు.

అందుకే అదనపు సాయానికి కూడా ముందే నిధి కేటాయించి ఉంచాలి. డ్రౌట్ మానిటర్ మ్యాప్‌లో కౌంటీ తీవ్ర కరవుతో ఎర్రబడితే చాలు, కొత్త చట్టం కోసం చూడకుండా అది విడుదల కావాలి. కరవుకిచ్చిన ఈ అదనపు సాయాల్లో కొత్త దరఖాస్తు అడగకుండా, మేత సాయం కోసం అప్పటికే ఇచ్చిన కాగితాలతోనే చెల్లించారు. నిజంగా మంచి పని. కానీ ఆ కాగితాలు లేనివాళ్ళకు రెండుసార్లూ ఏమీ రాలేదు.

ఇక్కడ మనం చేయగలిగింది ఒకటుంది. టెక్సాస్‌లో పొలం కొని, ప్రాపర్టీ టాక్స్ తగ్గుతుందని దాన్ని పశువుల మేపుకి ఇచ్చిన మనవాళ్ళు ఉన్నారు. చాలాచోట్ల ఇది నోటిమాట మీదే నడుస్తుంది. మనకైతే టాక్స్ తగ్గుతుంది. మేపుకునే అతను మాత్రం కరవొచ్చినప్పుడు ఆ బీడు తన కౌలులో ఉందని సాయమిచ్చే వ్యవసాయ శాఖ ఆఫీసులో చూపించాలి. ఎన్ని ఎకరాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, కౌలు ఎంత అన్నది రాసి ఇద్దరూ సంతకాలు పెడితే ఒక పేజీ కూడా నిండదు. మీ పొలం అలా మేపుకి ఇచ్చి ఉంటే, వచ్చే వేసవిలోపే ఆ కాగితం రాసివ్వండి.