ఒకరి పాత అప్పు, ఇద్దరి హోమ్ లోన్

హోమ్ లోన్‌కు వెళ్లే ముందు భార్యకో భర్తకో పాత అప్పు ఉందని తేలితే, ఇంట్లో మొదట వచ్చే మాట ఒకటే: "ముందు అది తీర్చేద్దాం, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్దాం." చాలాసార్లు అది సరైన మాటే. కానీ ఇంటి కోసం ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బును తీర్చనక్కర్లేని అప్పు మీద పోసేసి, తీరా డౌన్ పేమెంట్ దగ్గర చేతులు ఖాళీ చేసుకునేవాళ్లూ ఉన్నారు. ఇంట్లో మనకు టెన్షన్ పెట్టే అప్పు, బ్యాంకుకు అడ్డొచ్చే అప్పు ఒకటే కానక్కర్లేదు.

అసలు ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాత అప్పు ఉన్న ఆ రెండోవారి పేరు లోన్ దరఖాస్తులో ఉండాలా?

లోన్ ఇచ్చేవాళ్లు మొత్తం అప్పు ఎంతన్నది చూస్తారు కానీ, అంతకంటే ఎక్కువగా నెలనెలా జేబులోంచి పోయేది చూస్తారు. వాయిదాలన్నీ కలిపి ఆదాయంలో ఇంత శాతం దాటకూడదని ఒక గీత ఉంటుంది. ఆ గీత బ్యాంకును బట్టి మారుతుంది. లెక్క సులువుగా ఉండటానికి 50 శాతం అనుకుందాం. ఒకరి జీతం 100, రెండోవారిది 60. ఆ రెండోవారు ఇప్పటికే పాత అప్పులకు నెలకు 36 కడుతున్నారు. ఇద్దరూ కలిసి వెళితే ఆదాయం 160, అందులో సగం 80, పాత వాయిదాలు పోతే మిగిలేది 44. మొదటివారు ఒక్కరే వెళితే 50. జీతం కలిసింది, లోన్ తగ్గింది!

దీన్నిబట్టి ఒక విషయం తెలుస్తుంది. రెండోవారి వాయిదాలు వాళ్ల సొంత జీతంలో బ్యాంకు ఒప్పుకునే శాతం కన్నా తక్కువ ఉంటేనే ఆ పేరు కలపడం లాభం. పై లెక్కలో అది 30. అంటే 36లో కనీసం 6 దిగేలా చేస్తే నష్టం పోతుంది, ఇంకా దిగితే లాభం మొదలవుతుంది. అప్పంతా తీర్చనక్కర్లేదు.

ఒక్కరి పేరుతో వెళ్లడం అన్నిచోట్లా పనిచేయదు. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లి తర్వాతి ఆస్తులూ అప్పులూ చాలావరకు ఇద్దరివీ అని చట్టం అంటుంది. అక్కడ ప్రభుత్వ సంస్థ పూచీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ హోమ్ లోన్‌కు వెళితే, దరఖాస్తులో పేరు లేని భార్య లేదా భర్త అప్పులూ లెక్కలోకి వస్తాయి. బ్రిటన్‌లో అలా కాదు. పెళ్లయినంత మాత్రాన ఇద్దరి క్రెడిట్ రికార్డులు, అంటే అప్పులు తీసుకుని కట్టిన చరిత్రలు, ముడిపడవు. జాయింట్ అకౌంటో ఉమ్మడి లోనో ఉంటే మాత్రం ముడిపడతాయి. కాబట్టి ఎవరు ఏ చట్టం కింద ఉన్నారో చూసుకోకుండా, పక్కింటివాళ్లు చేసినట్టు చేయడం ప్రమాదం.

సరే, రెండో పేరు కావాలనే తేలింది. ఇప్పుడు ఏ అప్పు తీర్చాలి? ఇక్కడే చాలామంది తడబడతారు. పెద్ద అప్పు మీద భయం ఎక్కువ, అందుకే చెయ్యి దాని మీదకే పోతుంది.

9 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అనుకుంటే, నెలవారీ వాయిదాలో ఒక్క రూపాయి ఖాళీ అయితే దాదాపు 111 రూపాయల కొత్త లోన్‌కు చోటు దొరుకుతుంది. మరి ఆ ఒక్క రూపాయిని ఖాళీ చేయడానికి ఎంత పోయాలి? ఇంకా 12 వాయిదాలే మిగిలిన పర్సనల్ లోన్ అయితే దాదాపు 11 రూపాయలు చాలు. అదే 9 శాతం వడ్డీతో 5 ఏళ్లు మిగిలిన కారు లోన్ అయితే దాదాపు 48. ఇక 15 ఏళ్లు మిగిలిన చదువు లోన్ అయితే 99 దాకా పోయాలి. 99 పోసి 111 తెచ్చుకోవడంలో ఏముంది? ఇంట్లో అందరికీ కంట్లో నలుసులా ఉండేది ఆ చదువు లోనే. హోమ్ లోన్ వరకూ దాని జోలికి వెళ్లకపోవడమే మేలు. ఒక మెలిక కూడా ఉంది. దాదాపు అయిపోవచ్చిన అప్పును కొందరు లెక్కలోకే తీసుకోరు. అమెరికాలో బ్యాంకుల నుంచి హోమ్ లోన్లను కొనే ఫ్యానీ మే సంస్థ నిబంధనల్లో, 10 లేదా అంతకన్నా తక్కువ వాయిదాలు మిగిలిన లోన్‌ను, ఆ వాయిదా మరీ భారం కానప్పుడు, పక్కన పెట్టే వీలుంది. అలాంటిదాన్ని ముందే తీర్చడం డబ్బు దండగ.

క్రెడిట్ కార్డు బాకీ సంగతి వేరు. దాన్ని ముందు తీర్చాలనడంలో నాకు సందేహం లేదు. నెలకు 3 శాతం అంటే చిన్నగానే వినిపిస్తుంది. వడ్డీ మీద వడ్డీ పడితే ఏడాదికి 42 శాతం దాటుతుంది. పైగా క్రెడిట్ స్కోరును, అంటే అప్పులు ఎలా కడుతున్నామన్నదానికి పడే మార్కులను, కిందికి లాగేదీ అదే. అమెరికాలో ఎక్కువగా చూసే ఫైకో స్కోరులో 35 శాతం బరువు సమయానికి కట్టారా లేదా అన్నదానికి, 30 శాతం ఎంత బాకీ ఉన్నారన్నదానికి. ఈ రెండోదాంట్లో, లిమిట్‌లో ఎంత వాడేశారన్నది ముఖ్యం. బాకీ తీర్చగానే కోపంతో కార్డు కూడా మూసేస్తారు కొందరు. రెండు కార్డులకూ చెరో 100 లిమిట్ ఉండి, ఒకదాని మీద 40 బాకీ ఉంటే వాడకం 20 శాతం. బాకీ లేని రెండోదాన్ని మూసేస్తే అదే బాకీ 40 శాతమైపోతుంది. కార్డును బీరువాలో పడేయండి, లోన్ చేతికొచ్చాక మూసుకోవచ్చు. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మన పెద్దలన్నారు కానీ, ఎప్పుడూ అప్పే చేయనివాణ్ని చూస్తే బ్యాంకుకు అనుమానం.

ఇక సెటిల్‌మెంట్. "బాకీలో సగం కట్టండి, ఫైల్ మూసేస్తాం" అని వసూలు చేసేవాళ్లు ఫోన్ చేస్తే ఆశ పుడుతుంది. అలా కట్టిన అప్పు క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" అని పడదు, "సెటిల్డ్" అని పడుతుంది. ఆ మాటను బ్యాంకు చదివే తీరు వేరు: ఈ మనిషి పూర్తిగా కట్టలేదు. హోమ్ లోన్ ఆలోచన ఉంటే పూర్తిగా కట్టి, ఇక బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. పూర్తిగా కట్టినా పాత ఆలస్యాలు మాసిపోవు. బ్రిటన్‌లో ఆరేళ్లు, అమెరికాలో ఏడేళ్లు అవి రికార్డులో కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ఆ రెండోవారి గతంలో ఎగవేత మరక ఉంటే, ఇప్పుడు డబ్బు పోయడం కన్నా ఒక్కరి పేరుతో వెళ్లడమే మేలేమో ఆలోచించాలి. తీర్చిన సంగతి రికార్డుకెక్కడానికి కూడా కొన్ని వారాలు పడుతుంది. సోమవారం కట్టి గురువారం దరఖాస్తు పెడితే పాత బాకీయే కనిపిస్తుంది.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది చెప్పని అప్పు. ఫోన్ యాప్‌లో తీసుకున్న చిన్న లోన్, తమ్ముడి బండికి పెట్టిన హామీ సంతకం... ఇలాంటివి పెళ్లయి పదేళ్లయినా బయటికి రావు. హామీని చాలామంది అప్పుగానే అనుకోరు. రిపోర్టు అనుకుంటుంది. లోన్ ఆఫీసర్ ఎదురుగా కూర్చున్నాక "ఇదేంటి?" అని భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకోవడం కన్నా, రెండు మూడు నెలల ముందే ఇద్దరి రిపోర్టులూ తెప్పించుకుని ఇంట్లోనే ఆ గొడవ పడటం నయం.

డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందన్నదీ అడుగుతారు. దరఖాస్తుకు ముందు అకౌంట్లో హఠాత్తుగా పెద్ద మొత్తం పడితే వివరణ ఇవ్వాలి. పాత అప్పు తీర్చడానికి కొత్త పర్సనల్ లోన్ తీస్తే వాయిదా పేరు మారిందంతే, పైగా కొత్త అప్పు అడిగినట్టు రికార్డులో ఎంక్వైరీ ఒకటి తోడవుతుంది.

ఇంకో సంగతి పెద్దగా ఎవరూ మాట్లాడరు. భార్య దాచుకున్న డబ్బుతో భర్త కార్డు బాకీ తీరింది, స్కోరు బాగుపడటానికి వేళ చాలక లోన్ ఒక్కరి పేరునే తీసుకున్నారు, ఇల్లూ ఆ ఒక్కరి పేరునే రిజిస్టర్ అయ్యిందనుకోండి. లోన్‌లో పేరు, ఇంటి పత్రంలో పేరు వేర్వేరు సంగతులు. లోన్‌లో లేనివారిని యజమానిగా చేర్చడానికి కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఈ ప్రశ్న అడగాల్సింది బాకీ తీర్చాక కాదు, ఆ దాచుకున్న డబ్బు అకౌంట్లోంచి కదలకముందే.