గీజరు మార్చే ముందు నీళ్లు చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చలి మొదలయ్యే కార్తీకంలోనే గీజర్లు మొరాయిస్తాయి. ఎండాకాలమంతా వాడని గీజరు స్విచ్చి వేయగానే ట్రిప్పవుతుంది, లేదా అడుగు నుంచి కారుతుంది. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్లి ఆఫర్‌లో ఉన్నది తెచ్చుకుంటాం. కొన్నాళ్లకు అదీ అదే దారి పడుతుంది. నింద కంపెనీ మీద వేస్తాం గానీ, మన ఇళ్లలో గీజర్లను ఎక్కువగా పాడుచేస్తున్నది బోరు నీళ్లే. కొత్తది కొనేలోగా పాతది విప్పించి చూడాలని మేం గట్టిగా చెబుతున్నాం.

కరెంటు తీసి, నీళ్లు వదిలేసి, కింది బోల్టులు విప్పి కాయిల్‌ను బయటికి లాగితే రాగి గొట్టం కనపడదు. దాని చుట్టూ తెల్లటి సున్నపు పెచ్చు కట్టి ఉంటుంది. ట్యాంకు అడుగున కోడిగుడ్డు పెంకుల్లాంటి ముక్కలు చేతికి వస్తాయి. బోరు నీటిలోని కాల్షియం వేడికి విడిపోయి ఇలా పేరుకుంటుంది. 60 డిగ్రీలు దాటిస్తే మరీ వేగంగా. ఆ పొర వేడిని నీళ్లకు చేరనివ్వదు. దాంతో కాయిల్ మాడి చిట్లుతుంది, తేమ లోపలికి చేరి కరెంటు లీకవుతుంది, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి, ఆర్‌సీసీబీ, పడిపోతుంది. దీనికి గీజరంతా మార్చాల్సిన పని లేదు. కాయిల్, దాని వాషరు మారిస్తే సరిపోతుంది. ట్యాంకే చిల్లుపడి కారుతుంటే మాత్రం అతుకులు వేయించొద్దు, మార్చాల్సిందే.

నీటి కాఠిన్యం, అంటే అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా పరవాలేదని తాగునీటి భారతీయ ప్రమాణాలు చెబుతాయి. సబ్బు నురగ రాకపోయినా, కుళాయిల మీద తెల్ల మరకలు పడుతున్నా ముందు నీటి పరీక్ష చేయించండి. కాఠిన్యం ఎక్కువని తేలితే 3 లీటర్ల ఇన్‌స్టంట్ రకం వద్దు. దాని చిన్న ట్యాంకు త్వరగా పూడుకుపోతుంది. లోపల గాజు పూత ఉన్న 15 లేదా 25 లీటర్ల స్టోరేజీ రకం తీసుకోండి. 20 డిగ్రీల నీటిని 55కు చేర్చడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కు 15 లీటర్లకైతే 18 నిమిషాలు, 25 లీటర్లకైతే అరగంట పడుతుంది. స్నానానికి సరిపడే 40 డిగ్రీలకు వచ్చేలా చన్నీళ్లు కలిపితే మొదటిది 26 లీటర్లు, రెండోది 44 లీటర్లు అవుతుంది. నలుగురు వెంట వెంట స్నానం చేసే ఇంటికి 25 లీటర్లే నయం.

అందరూ మరచిపోయేది లోపలి మెగ్నీషియం కడ్డీని. యానోడ్ రాడ్ అనే ఆ కడ్డీ తాను కరుగుతూ ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడుతుంది. ఏడాదికోసారి తీసి చూడాలి, సన్నబడితే మార్చాలి. గీజర్లు అమ్మే దుకాణాలు ఈ కడ్డీని కూడా స్టాకులో ఉంచాలి. ఇప్పుడు అడిగితే దొరకని చోట్లే ఎక్కువ. కాయిల్‌ను చాకుతో గీకొద్దు. గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి నానబెడితే బుడగలు వస్తూ పెచ్చు వదులుతుంది.

గ్యాస్ గీజరును మూసిన స్నానాలగదిలో అసలు పెట్టొద్దు. దాని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. సోలార్ పెట్టాలనుకునేవారు గాజు గొట్టాల్లోకి బోరు నీళ్లు నేరుగా పంపొద్దు, బోరు నీళ్లు గొట్టాల్లోకి పోకుండా వేడిని మాత్రమే అందుకునే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రకం అడగండి. ఇంకో మాట: గ్యాస్ ఆదా అవుతుందని గీజరు నీళ్లు అన్నానికి, చాయ్‌కి పోయకండి. బోరు నీటిలోని ఫ్లోరైడ్ వేడికి పోదు, నీళ్లు ఆవిరయ్యేకొద్దీ మరింత చిక్కబడుతుంది. దశాబ్దాలుగా ఫ్లోరోసిస్ బాధ చూసిన నల్లగొండలో ఇది ప్రతి ఇంటికీ తెలియాలి.

బిగించేటప్పుడు 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ 50–55 డిగ్రీల మధ్య పెట్టాలి. వేడెక్కేటప్పుడు నీళ్లు వ్యాకోచించడం వల్ల సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడటం మామూలే. కారుతోందని కొందరు ప్లంబర్లు దానికి బిరడా కొడుతున్నారు. అలా మూస్తే ట్యాంకు పగిలిపోవచ్చు, కొట్టనివ్వకండి.